కుచ్చిళ్ళు వెనక్కి

తిరుపతి వెళ్ళొచ్చినవాళ్ళు కొండ గురించి చెబుతారు, లడ్డూ గురించి చెబుతారు, క్యూలో ఎంతసేపు నిలబడ్డారో మరీ మరీ చెబుతారు. నేను మోకాళ్ళ గురించి చెప్పాలి. నడిచి కొండెక్కేవాళ్ళకు తెలిసిన మోకాళ్ళ పర్వతం సంగతి కాదు, నా సొంత మోకాళ్ళ సంగతి. పెళ్ళాం బిడ్డలున్నవాణ్ణి, హైస్కూల్లో డ్రాయింగు మేస్టర్ని, ఆ రెంటినీ నట్టనడి వీధిలో పదిమందికీ చూపించి వచ్చాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

మాది తెనాలి. మా చెల్లెలు సుశీలను చిత్తూరు ఇచ్చాం. ఆమె భర్త మునిరత్నం బ్యాండు మేస్టరు. పెళ్ళిళ్ళకూ ఊరేగింపులకూ వాయించే సెట్టు అతనిది, స్వయంగా కార్నెట్టు ఊదుతాడు. ఒకప్పుడు మా ఊళ్ళో ఒక సీజను వాయించడానికి వచ్చి, నాతో స్నేహం కలిపి, చివరికి మా ఇంటి అల్లుడయ్యాడు. సాయంత్రాలూ, పిలిస్తే మా ఊరి పెళ్ళిళ్ళలోనూ క్లారినెట్టు ఊదే జబ్బు నాకూ ఉంది, అదే మా స్నేహానికి మూలం. డెబ్బైల చివర ఒక ఎండాకాలం అతని క్లారినెట్టు మనిషి కాస్తా మద్రాసు వెళ్ళి సినిమా వాద్యబృందంలో చేరిపోయాడు. బడికి సెలవులే గదా, వచ్చి ఒక్క పెళ్ళి గట్టెక్కించమని మునిరత్నం కబురు పంపాడు. ఏ పెళ్ళో, ఏ వేషమో మాత్రం ఆ కబురులో లేదు.

రేణిగుంట

రేణిగుంటలో పెద్ద రైలు దిగి చిన్న రైలెక్కాలి. మీటరుగేజి పెట్టె మన ఇంటి వసారా కంటే కొంచెం వెడల్పు. ప్లాట్‌ఫారం నిండా గుండ్లే. గంధం పూసిన నున్నటి తలలు ఎండలో వరసగా కూర్చుని ఇడ్లీలు తింటున్నాయి. మా వైపు ఇడ్లీ అంటే కారప్పొడి, దాని మీద నెయ్యి. ఇక్కడ ఆకులో ఇడ్లీ పెట్టి, మనం వద్దనేలోపు గరిటెడు సాంబారు పోసేస్తారు. ఆకుకు గట్టు ఉండదు. నా చొక్కా ముందుభాగం ఆ సాంబారుతోనే చిత్తూరు చేరింది.

పెట్టెలో ఎదురుగా పాకాల వెళ్ళే ఒక ముసలామె కూర్చుంది, పక్కన మామిడిపళ్ళ గంప. నా చేతిలో క్లారినెట్టు పెట్టె చూసి అదేమిటని అడిగింది. చెప్పాను. ఆమె ఒక పండు తీసి చీర కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టి, జాలిగా చూసింది.

"బ్యాండా నాయనా? ఇప్పుడెవురికి కావాల అది? మా ఊర్లో అందురూ మైకుసెట్టే పెట్టిస్తాండారు. ఒగడొచ్చి ప్లేటు తిప్పితే పెండ్లంతా అయిపోతాది."

పండు మాత్రం తేనె. ఆమె మాటే టెంకలా మిగిలింది.

చిత్తూరు

చిత్తూరులో దిగగానే ముందు తగిలేది బెల్లం వాసన. మండీల ముందు నుంచి వెళుతుంటే గాలే తియ్యగా ఉంటుంది. మా చెల్లెలింట్లో మధ్యాహ్నం రాగిసంగటి, వేరుసెనగల పచ్చడి, అదే ఊరిబిండి, పెట్టారు. సంగటి ముద్దను నమలకూడదు, మింగాలి. నమిలినందుకు చుట్టుపక్కల పిల్లలు నన్ను చూసి నవ్వారు. పొద్దున లేస్తే గోదారి బియ్యమో కృష్ణ బియ్యమో అని వాదించుకునే మాకు ఇది కొత్త, కానీ సాయంత్రం దాకా ఆకలి మాట తలపుకు రాలేదు. అంతకంటే కొత్త, మా సుశీల నోట "ఉండాది", "యాడ" వినడం. పుట్టింటి మాట మరిచావే అంటే, నాతో మాట్లాడేటప్పుడు జాగ్రత్తగా సర్దుకుని మాట్లాడింది, రెండు నిమిషాలకే మళ్ళీ జారింది.

భోజనమయ్యాక మునిరత్నం నన్ను వెనక గదిలోకి తీసుకువెళ్ళాడు. దండెం మీద మూడు మందపాటి ఉన్ని బట్టలు వేలాడుతున్నాయి. ముదురాకుపచ్చ, నీలం గళ్ళు. ఆడపిల్ల పావడాలా మడతలు మడతలు.

వాటి పక్కనే నిలబడి ఉన్న మనిషి పేరు ఏకాంబరం. మిలిటరీలో బ్యాగ్‌పైపు వాయించి, హవల్దారుగా రిటైరై, చిత్తూరు చేరినవాడు. మన వీధి నాటకాల్లో శ్రుతికి వాడే తోలు తిత్తి ఉంటుందే, దానికే నాలుగు గొట్టాలు ఎక్కువ తగిలించినట్టుంటుంది బ్యాగ్‌పైపు. ఏకాంబరానికి మెలితిప్పిన మీసం, మాటలో సగం అరవం, తనకంటే తెలిసినవాడు దక్షిణ దేశంలోనే లేడన్న నమ్మకం. ఎడమ మోకాలికి మాత్రం పుత్తూరు కట్టు. సైకిలు మీద నుంచి పడ్డాడట.

మునిరత్నం ఆలోచన ఇది. మైకుసెట్లతో పోటీపడి బ్యాండు నిలబడాలంటే జనం ఇంతవరకు చూడనిది చూపించాలి. మద్రాసులో ఎవరిదో గొప్పింటి పెళ్ళిలో ఇలా కిల్టులనే మిలిటరీ పావడాలు కట్టి వాయించగా చూశాడు. ఆరుగురికి ఆరు కిల్టులు. మూడు ఏకాంబరం తెచ్చిన పాత ఉన్నివి. మిగతా మూడింటికి నగరిలో మగ్గాల మీద గళ్ళ గుడ్డ నేయిస్తున్నారు. లుంగీల ఊరే గనక గళ్ళకు కొదవ లేదు. ఆ గుడ్డ నేస్తున్న పెద్దాయన మనవరాలి పెళ్ళిలోనే, తిరుపతి సత్రంలో, మొదటిసారి వాయించడం.

నేను సాయంత్రం బావి దగ్గర నిలబడ్డప్పుడు సుశీల వచ్చి అసలు మాట చెప్పింది. మునిరత్నం మేనమామ బెల్లం మండీలో గుమాస్తా పని చూపిస్తానంటున్నాడు. నగరి, పుత్తూరు మగ్గాలవాళ్ళే వీళ్ళ బ్యాండుకు ఆధారం. ఒక ఇంటి పెళ్ళిలో బాగుంటే పది ఇళ్ళవాళ్ళు పిలుస్తారు, ఒక ఇంటివాళ్ళు వెనక్కి పంపితే ఎవరూ పిలవరు. ఈ పెళ్ళి చెడితే సెట్టు అమ్మేసి మండీలో కూర్చుంటానని అతను మామకు మాటిచ్చేశాడు.

"కూసుంటే కూసోనీ, నెలనెలా జీతమొస్తాది అనుకున్నాను మొదట. కానీ అన్నయ్యా, పళ్ళు తోముకుంటా కూడా పాట కట్టే మనిషి. ఆయన బెల్లం తూకాలు రాసుకుంటా ఉంటే నేను చూడలేను," అంది.

అందుకని కిల్టు కట్టుకోనని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

నీవా నది ఇసుకలో

వేసవిలో నీవా నదిలో నీళ్ళు ఉండవు, ఇసుకే. తెల్లవారుతూనే ఏకాంబరం మమ్మల్ని అక్కడికి తోలుకుపోయి పాఠం మొదలుపెట్టాడు. మీకూ ఎప్పుడైనా పనికిరావచ్చు, చెబుతాను.

ముందు కుచ్చిళ్ళు. మనం పంచె కట్టినా, ఆడవాళ్ళు చీర కట్టినా కుచ్చిళ్ళు ముందుకే గదా. ఉన్న మూడు కిల్టులూ వంతులవారీగా ఇస్తే ఆరుగురిలో అయిదుగురం కుచ్చిళ్ళు ముందుకు పెట్టే కట్టాం. ఏకాంబరం నెత్తి కొట్టుకున్నాడు. కుచ్చిళ్ళు వెనక్కి, ముందర బల్లపరుపుగా రెండు పొరలు. కింది పొర ఎడమవైపు పట్టీలో దూర్చి బిగించాలి, పై పొర కుడి తుంటి మీదికి తెచ్చి బిగించాలి. లుంగీ అలవాటు కొద్దీ మేము నడుము కింద కట్టాం. అలా కాదట, బొడ్డు మీదికి ఎక్కించాలట. పెద్దడ్రమ్ము వాయించే మనిషికి బొడ్డు ఎక్కడుందో వెతకడమే ఒక పని అయింది.

తర్వాత పొడుగు. మోకాళ్ళ మీద కూర్చుంటే అంచు నేలను తాకీ తాకనట్టు ఉండాలి. ముగ్గురు ముగ్గురుగా వరసకట్టి ఇసుకలో మోకరిల్లాం. బట్టలుతకడానికి చెలమ తవ్వుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు మమ్మల్ని చూసి, వీళ్ళు ఎప్పుడు మతంలో కలిసినారని ఒకరినొకరు అడిగారు. ముందర వేలాడే తోలు సంచి నడుం పట్టీకి నాలుగు వేళ్ళు కింద ఉండాలి. అందులో ఏం పెట్టుకోవాలో ఏకాంబరం చెప్పలేదు, మావాళ్ళు బీడీలూ వక్కలూ పెట్టుకున్నారు. మేజోళ్ళు మోకాలి కింద మడవాలి. కూర్చునేటప్పుడు వెనక కుచ్చిళ్ళను అరచేత్తో సవరించి కూర్చోవాలి.

పై పొర అంచుకు ఒక పెద్ద పిన్నీసు. గుర్తుంచుకోండి, అది పై పొరకే. అందానికి, బరువుకి. రెండు పొరలూ కలిపి గుచ్చకూడదు.

ఇక చివరి నియమం అన్నిటికంటే గట్టిది. కట్టుకున్నాక చెయ్యి నడుము దగ్గరికి పోకూడదు. లుంగీ మనిషి గంటకు పదిసార్లు నడుం తడుముకుంటాడు, బిగిస్తాడు, పైకి కడతాడు, కిందికి దించుతాడు. కిల్టుకు ఆ అవసరం లేదు, ఎవరి చెయ్యి నడుం మీదికి పోయినా సిపాయి కాడని తెలిసిపోతుంది అన్నాడు ఏకాంబరం. ఎవరి చెయ్యి కదిలినా డ్రమ్ము పుల్లతో కొట్టాడు. నేను మూడు దెబ్బలు తిన్నాను, బావమరిదినని మునిరత్నమేమీ అడ్డుపడలేదు.

ఉన్ని బట్ట మే నెలలో ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. కంబళి కప్పుకుని పొయ్యి ముందు కూర్చున్నట్టే.

నగరి

నగరిలో బస్సు దిగితే చెవులకు ముందు పని. ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడే. పవర్‌లూములు గడగడమని ఒకే ఊపున, వాటి మధ్య అక్కడక్కడ చేతి మగ్గం ఆగి ఆగి. టీ అంగడిలో పావలాకు గ్లాసెడు టీ ఇచ్చి, పక్కన ఒక మురుకు ఊరికే పెట్టారు. టీ కొట్టు మనిషి తెలుగులో అడిగి, లోపలికి అరవంలో చెప్పి, పెళ్ళాంతో మళ్ళీ తెలుగులో పోట్లాడాడు.

గుడ్డ నేసే పెద్దాయన పేరు చెంగల్రాయప్ప. కొడుకులు పవర్‌లూములు పెట్టినా తను చేతి మగ్గం వదలలేదు. ఆయన వసారాలోకి వచ్చినప్పుడు అక్కడ లుంగీలు మోకాళ్ళ పైకి కట్టి పనిచేస్తున్నవాళ్ళంతా లేచి వాటిని దించి నిలబడ్డారు. పెద్దల ముందు మడిచి కట్టి ఉండకూడదన్నది మా వైపూ ఉన్నదే, అయితే మావాళ్ళు ఇప్పుడు చూసీ చూడనట్టు పోతారు. ఇక్కడ ఆయన గుమ్మం దాటేదాకా దించే ఉంచారు.

గళ్ళ గుడ్డ బాగా వచ్చింది. చుట్ట విప్పుతూ ఆయన ఇది దేనికని అడిగాడు. ఆయన కొడుకు, అంటే పెళ్ళికూతురి తండ్రి, మిలిటరీ బ్యాండు అని మాత్రమే చెప్పాడట. మునిరత్నం దాచకుండా చెప్పాడు. ఒక్కొక్కరికి ఎనిమిది గజాలనగానే ఆయన చేతులు ఆగిపోయాయి. తన తల్లి జీవితమంతా ఎనిమిది గజాల చీరే కట్టిందనీ, అందులోనే పదిమంది బిడ్డల్ని కని పెంచిందనీ అన్నాడు. ఏకాంబరం ముందుకొచ్చి తను కట్టి చూపించాడు. పెద్దాయన చుట్టూ తిరిగి చూశాడు, ఆ కుచ్చిళ్ళను చేత్తో తాకాడు, పుత్తూరు కట్టున్న మోకాలిని కాసేపు చూశాడు.

"కుచ్చిళ్ళు ఎనకాల, మోకాళ్ళు ముందర. పెండ్లికొడుకును పిల్సుకొచ్చేదానికి ఇది మర్యాదేనాప్పా?" అన్నాడు మునిరత్నంతో.

దేశంకాని దేశంలో దొరలు పెళ్ళికి ఇదే కడతారని ఏకాంబరం అన్నాడు. అది వాళ్ళ దేశం అన్నాడు పెద్దాయన. కొడుకు మాటిచ్చాడు గనుక తను కాదనడు. కానీ ఊరేగింపు సత్రం ముందుకు వచ్చినప్పుడు తనే వచ్చి చూస్తాడు.

"నా కండ్లకు ఎగతాళిగా కనపడితే ఆడనే నిలిపేస్తా. మేళమోళ్ళు ఉండారు, వాళ్ళు వాయించుకుంటా వస్తారు. తప్పుగా అనుకోవద్దు."

కోపంగా అనలేదు. అందుకే మునిరత్నం మొహం పాలిపోయింది.

కిల్టులు అక్కడే ఒక టైలరు కుట్టాడు. నూలు గుడ్డకు కుచ్చిళ్ళు నిలవవు, ఉన్నిలా బరువుండదు. గంజిలో ముంచి, ఆరేసి, బొగ్గుల పెట్టెతో రుద్ది రుద్ది నిలబెట్టారు. ఆఖరికి అట్టలా తయారైంది, నడుస్తుంటే అప్పడాలు విరిగిన చప్పుడు. దాన్ని పరీక్షించాలని ఏకాంబరం టైలరు అంగడి నుంచి మా బస దాకా కవాతు చేయించాడు. చెబుతూనే ఉన్నాను గదా, పిన్నీసు పై పొరకేనని. నేను ఆ రోజు తొందరలో రెండు పొరలకూ కలిపి గుచ్చాను. వీధి మధ్యలో మురుగుకాలవ వచ్చింది. అందరూ అంగ వేసి దాటారు. నా కాళ్ళు విడిపోలేదు. క్లారినెట్టును పైకెత్తి పట్టుకుని, మనిషిని మాత్రం కాలవకు అప్పగించాను.

అరుగుల మీద కూర్చుని కండెలు చుట్టుకుంటున్న ఆడవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. ఒకామె బిందెడు నీళ్ళు తెచ్చి కాళ్ళ మీద పోసింది, పోస్తూ కూడా నవ్వింది. ఆ నవ్వు సాయంత్రానికల్లా చెంగల్రాయప్ప ఇంటికి చేరిందని మాకు తెలిసింది. రాత్రి భోజనం దగ్గర మునిరత్నం పులుసన్నం కలుపుకుని అలాగే కూర్చున్నాడు. అతను అన్నం ముందు పాట లేకుండా కూర్చోవడం నేను చూడ్డం అదే మొదలు.

తిరుపతి

పుత్తూరు మీదుగా బస్సులో వచ్చాం. పుత్తూరులో ఏకాంబరం దిగి కట్టు మార్పించుకుంటానన్నాడు, బస్సు ఆగదని బలవంతాన కూర్చోబెట్టాం.

తిరుపతి ఎలా ఉంటుందో మీకు చెప్పేదేముంది. సత్రాలు, లాడ్జీలు, అంగళ్ళు, ఎక్కడ చూసినా ఎక్కడివాళ్ళో. పక్క గదిలో బళ్ళారి నుంచి వచ్చిన ఒక కుటుంబం. ఆ ఇంటాయన మా కిల్టులు ఆరేసి ఉండటం చూసి, ఆడపిల్లలు ఎంతమందని మర్యాదగా అడిగాడు. ఆరుగురని ఏకాంబరం సమాధానం చెప్పి తలుపేసుకున్నాడు.

ముహూర్తం మర్నాడు ఉదయం. ముందురోజు సాయంత్రం పెళ్ళికొడుకును గుడి నుంచి సత్రానికి ఊరేగింపుగా తీసుకురావడం ఇక్కడి ఆచారం. మా వైపు ఊరేగింపు పెళ్ళయ్యాక. ఊరేగింపు రోజు ఉదయాన్నే మునిరత్నం కొండకు బస్సెక్కి వెళ్ళి, మధ్యాహ్నానికి గుండుతో తిరిగొచ్చాడు. మా వైపు కోరిక తీరాక మొక్కు చెల్లిస్తాం. ముందే ఎందుకిచ్చావని అడిగితే, తీరకపోతే మళ్ళీ కొండకు రావడానికి మొహం చెల్లదు బావా, ఉన్నప్పుడే ఇచ్చేస్తే ఒక పని అయిపోతాది అన్నాడు. చిక్కేమిటంటే, జుట్టు పోయేసరికి బ్యాండు టోపీ వదులై చెవుల మీదికి దిగింది. లోపల దినపత్రిక మడిచి కుక్కాం.

సత్రం వెనక వసారాలో కట్టుకున్నాం. ఈసారి ఎవరికీ ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు. కుచ్చిళ్ళు వెనక్కి, కట్టు బొడ్డు మీదికి, అంచు మోకాలి దగ్గరికి. నా పిన్నీసును ఏకాంబరం తనే గుచ్చి, రెండుసార్లు లాగి చూశాడు.

గుడి ముందు పెళ్ళికొడుకు పూలు కట్టిన కారెక్కాడు. గ్యాసులైట్లు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు రెండు వరసల్లో నిలబడ్డారు. బ్యాగ్‌పైపు తిత్తిలోకి ఏకాంబరం గాలి నింపేసరికి ఒక కుక్క పరుగెత్తిపోయింది. తర్వాత కార్నెట్టు, క్లారినెట్టు, డ్రమ్ములు. మొదట జనం మా మోకాళ్ళే చూశారు. మొదటి వీధిలో ఈలలు వేశారు, పావడాలని కేకలు వేశారు. రెండో వీధిలో ఈలలు తగ్గాయి. మేము ఒకే అడుగు వేస్తుంటే వెనక కుచ్చిళ్ళు ఒకేసారి ఇటూ అటూ ఊగుతున్నాయట, నాకేం తెలుస్తుంది, పెళ్ళివారే తర్వాత చెప్పారు. అంగళ్ళవాళ్ళు బేరాలు ఆపి బయటికొచ్చారు. నేను ఊదుతూనే మునిరత్నం వంక చూశాను. దినపత్రిక చెమటకు తడిసి టోపీ కళ్ళ మీదికి దిగుతోంది, మనిషి మాత్రం హాయిగా ఉన్నాడు.

సత్రం ముందు పాట ముగించి ఆగాలి. ఆగాం. ఏకాంబరం ఊదడం ఆపినా తిత్తిలో మిగిలిన గాలికి ఆ ఒక్క శ్రుతి సన్నగా మోగుతూనే ఉంది.

చెంగల్రాయప్ప లోపలి నుంచి వచ్చాడు. వంటల దగ్గర నుంచి వస్తున్నట్టున్నాడు, పంచె మోకాళ్ళ పైకి మడిచి కట్టి ఉంది, భుజం మీద తువ్వాలు. మెట్ల మీద జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. మడిచి కట్టిన పంచెలు మర్యాదకు ఒక్కొక్కటే కిందికి జారాయి. ఆయన నేరుగా మా వైపు వచ్చాడు.

అప్పుడు జరిగింది నేను కావాలని చేసింది కాదు. పెద్దాయన కనబడగానే నా క్లారినెట్టు ఎడమచేతిలోకి పోయింది, కుడిచెయ్యి నడుము దగ్గరికి పోయింది. దించడానికి మడత కోసం వెతికింది. మడత లేదు. తోలు పట్టీ తగిలింది. పక్కకు చూస్తే మునిరత్నం చెయ్యి అక్కడే ఉంది. డ్రమ్ములవాళ్ళ చేతులూ అక్కడే ఉన్నాయి. మేం అయిదుగురం, నడుం పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక, ఉన్నచోటే నిలబడిపోయాం. ఏకాంబరం ఒక్కడే నిటారుగా ఉన్నాడు, అతని కళ్ళల్లో నిప్పులు.

మెట్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఇక అయిపోయిందనుకున్నాను. నగరి కాలవ దగ్గర నవ్విన నవ్వే ఇక్కడా నవ్వుతారు, పెద్దాయన చెయ్యెత్తి మేళాన్ని పిలుస్తాడు. సుశీలకు ఏం చెప్పాలా అని వెతుక్కున్నాను.

"చేతులు యాడికి పోతాండాయప్పా?" అని అడిగాడు చెంగల్రాయప్ప.

మునిరత్నం టోపీ తీశాడు. తడిసిన దినపత్రిక కింద పడింది. నున్నటి గుండుతో, తల వంచుకుని, నిజమే చెప్పాడు.

"పెద్దోరు ఎదురొచ్చినారు గదా, దించుదామని పోయినాయి. దీనికి దించేదానికి ఏమీ లేదు. తప్పైపోయినాది."

పెద్దాయన నవ్వలేదు. మా చేతుల వైపు చూశాడు, ఇంకా నడుముల మీదే ఉన్నాయి. మా మోకాళ్ళ వైపు చూశాడు. శ్రుతి అప్పటికి ఆగిపోయింది. ఆయన తల ఎత్తకుండానే రెండు చేతులూ తన నడుము దగ్గరికి తీసుకువెళ్ళి, పంచె మడత విప్పి, పాదాల దాకా దించాడు.

నేను ఎన్నో పెళ్ళిళ్ళలో వాయించాను. బ్యాండువాళ్ళకు చివరి పంక్తిలో, ఒక్కోసారి పెరట్లో అన్నం పెడతారు. పాట బాగుంటే డబ్బులు విసురుతారు. మా ముందు పంచె దించినవాడు ఎవడూ లేడు. ఆ ఇంటికి పెద్ద, డెబ్బై దాటినవాడు, మా ముందు దించాడు. మెట్ల మీద నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది. పెళ్ళికూతురి తండ్రి తన పంచె ఇంకోసారి సర్దుకున్నాడు, అది కిందికే ఉన్నా.

"వాయించుకుంటా లోపలికి రండప్పా," అన్నాడు పెద్దాయన. "వాయించినాక మాతో కూసోని తినండి."

మునిరత్నం టోపీ పెట్టుకోవడం మరిచిపోయి, గుండుతోనే కార్నెట్టు పెదాలకు ఆనించాడు. మొదటి స్వరం వణికి తప్పింది. అతని సెట్టులో అలా తప్పినవాణ్ణి అతను ఎప్పుడూ ఊరికే వదలడు. మళ్ళీ ఊపిరి తీసుకుని ఊదాడు, ఈసారి పలికింది. మేమూ అందుకున్నాం.